ఆరేళ్ళు ఖాళీగా ఉన్న గడి

మా స్టాఫ్ రూములో జనవరి నెలాఖరు వచ్చిందంటే నా బల్ల చుట్టూ జనం మూగుతారు. ఇన్‌కమ్ టాక్స్ ఫారాలు నింపాలి. లెక్కల టీచర్ని కాబట్టి పన్నుల సంగతి నాకు పుట్టుకతోనే వచ్చి ఉంటుందని వాళ్ళ నమ్మకం. గొప్పకి చెప్పడం లేదు గానీ, నిజంగానే వచ్చు. పాత పద్ధతా, కొత్త పద్ధతా, ఎవరికి ఏది లాభమో పది నిమిషాల్లో తేల్చేస్తాను. ఇంటి లోను వడ్డీ ఎక్కడ వెయ్యాలో, పిల్లల ఫీజు రసీదులు ఎక్కడ గుచ్చాలో, కట్టని ప్రీమియం కట్టానని రాస్తే ఎక్కడ దొరికిపోతారో అన్నీ చెబుతాను. టీ తప్ప ఫీజు పుచ్చుకోను. మరీ చిక్కు లెక్కయితే టీతో పాటు సమోసా.

అలాంటి నేను నా సొంత ఫారంలో ఒక గడిని ఆరేళ్ళపాటు ఖాళీగా వదిలేశాను.

ఆ గడిని ఎనభై డీడీ అంటారు. మన మీద ఆధారపడ్డవాళ్ళలో ఎవరికైనా వైకల్యం ఉండి, అది నలభై శాతానికి తగ్గకుండా ఉందని ప్రభుత్వ డాక్టర్లు సర్టిఫికెట్ ఇస్తే, మన ఆదాయంలోంచి డెబ్బై అయిదు వేలు తీసేసి మిగతాదానికే పన్ను కడతారు. ఎనభై శాతం, ఆపైన ఉంటే లక్షా పాతిక వేలు. పాత పద్ధతిలో ఉన్నవాళ్ళకే ఈ వెసులుబాటు. ఈమధ్య కొత్త పద్ధతిలో నా జీతానికి పన్నే పడటం మానేసింది కాబట్టి ఆ గడితో నాకిప్పుడు పనిలేదు. నేను చెప్పేది రెండేళ్ళ కిందటి మాట. అప్పట్లో ఆ గడి విలువ ఎంతో నాకు రూపాయితో సహా తెలుసు. మా డ్రాయింగ్ మాస్టారికి నచ్చజెప్పి, ఆయన తమ్ముడి సర్టిఫికెట్ తెప్పించి, నా చేత్తోనే ఆ గడి నింపాను. నా ఫారం దగ్గరికి వచ్చేసరికి మాత్రం పెన్ను పక్క గడిలోకి గెంతేది.

మా అమ్మాయికి అప్పుడు తొమ్మిదేళ్ళు. చీపురుపల్లి స్టేషనుకి కూతవేటు దూరంలో మా ఇల్లు. రైలు కూత వినగానే అది ఎటు పోతోందో చెప్పేసేది, ఒక్కసారీ తప్పేది కాదు. కానీ తన గౌను గుండీలు తను పెట్టుకోలేకపోయేది. కొట్టుకి పంపిస్తే ఎందుకొచ్చిందో మర్చిపోయి అక్కడే నిలబడిపోయేది. అయిదు తర్వాత ఎంత అంటే ఒకరోజు ఆరు, ఒకరోజు పది. తెలియనిది ఎవరైనా అడిగితే ఎడమ మణికట్టు నోట్లో పెట్టుకుని కొరుక్కునేది. అక్కడ పళ్ళ గుర్తులు ఎప్పుడూ పచ్చిగానే ఉండేవి.

మా ఇంటా వంటా అందరూ మేష్టర్లే. మా నాన్న మేష్టారు. మా మావయ్యగారు శ్రీముఖలింగం వైపు పల్లెల్లో ముప్పై ఆరేళ్ళు పనిచేసి హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. ఆయన నాన్న వీధిబడి నడిపారు. మా ఆయన ఒక్కడే తప్పించుకుని ఫ్యాన్లూ మిక్సీలూ అమ్ముకునే కొట్టు పెట్టుకున్నాడు. ఇలాంటి ఇంట్లో ఒక పిల్లకి చదువు ఎక్కదు అన్న మాట ఎవరి నోటా రాదు.

"గుంటకేటి లోటు? కాస్త నిదానంగా అందుకుంటాది, అంతే" అనేవారు మావయ్యగారు. నాకూ ఆ మాట వినడం హాయిగానే ఉండేది. సర్టిఫికెట్ కోసం వెళ్తే ఆ హాయి పోతుందని వెళ్ళలేదు. సర్టిఫికెట్ లేదు కాబట్టి గడి నింపలేదు. ఇంతే కథ, ఆరేళ్ళూ.

ఆ ఏడు జూన్‌లో విజయనగరంలో ఒక స్పెషల్ టీచరు గురించి తెలిసింది. ఆదివారాలు ఇంట్లోనే చెబుతుంది, రెండు గంటలకి నాలుగు వందలు. మొదటివారమే ఆవిడ ఒక గుడ్డముక్కకి పెద్దపెద్ద గుండీలు కుట్టి మా అమ్మాయి ఒళ్ళో పెట్టింది. నాలుగోవారానికి మా పిల్ల ఒక గుండీ తనంతట తను పెట్టింది. ఒక్కటే. నాకు ఏడుపొచ్చేసింది, దాచుకోలేదు కూడా.

కానీ ఆ ఏడు కొట్టు డల్లుగా ఉంది, నా జీతంలో సగం ఇంటి లోనుకే పోతోంది. ఫీజూ, రైలు ఛార్జీలూ కలిపి రెండు నెలలు లాగేసరికి ఊపిరాడలేదు. మా ఆయన "రెండు వారాలకోసారి వెళ్దామా?" అన్నాడు. నేను కాగితం తీసుకున్నాను. డెబ్బై అయిదు వేలకి ఇరవై శాతం చొప్పున పదిహేను వేలు, దాని మీద సెస్సు ఆరు వందలు, మొత్తం పదిహేను వేల ఆరు వందలు. నాలుగు వందలతో భాగిస్తే ముప్పై తొమ్మిది. ముప్పై తొమ్మిది ఆదివారాలు ఆ ఖాళీ గడిలో పడి ఉన్నాయి. నా పిల్ల గుండీలు ఆ గడిలో ఉన్నాయి. ఆ మర్నాడే మా ఊరి సచివాలయానికి వెళ్ళి, వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు తేల్చే సదరం శిబిరానికి స్లాట్ పెట్టించాను.

ఇంట్లో చెబితే మావయ్యగారు రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. మూడోరోజు పొద్దున్నే కొత్త లాంగ్ నోట్‌బుక్కుతో నా ముందుకొచ్చి కూర్చున్నారు.

"ఏటమ్మా, ఆ కేంపులో ఏటేటి అడుగుతారట?"

నాకేం తెలుసు? అయినా ఆయన ఊరుకుంటారా. అంతకుముందు పిల్లల్ని శిబిరానికి తీసుకెళ్ళినవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి, అడిగి, ప్రశ్నలన్నీ రాసుకొచ్చారు. వారాల పేర్లు, రంగులు, నోట్ల మీద అంకెలు, కాకి ఏమంటుంది, కుక్క ఏమంటుంది. ఎర్రసిరాతో ప్రశ్న, నీలంసిరాతో జవాబు. ఇరవై రోజులు, పొద్దున గంట, సాయంత్రం గంట. నేను ఆపలేదు సరికదా, ఆదివారాలు నేనూ ఒక చెయ్యి వేశాను. పరీక్ష అంటే చదివించి పంపాలి. మాకు ఇంకోలా తెలీదు. ఆ పరీక్షలో పిల్ల ఎంత బాగా చెబితే మా పని అంత చెడుతుందన్న ఆలోచన, పన్నులన్నీ నోటికొచ్చిన నాకు ఒక్కసారి కూడా తట్టలేదు.

ఇక్కడ మా మావయ్యగారి ఇన్‌స్పెక్షన్ల గురించి చెప్పాలి. సర్వీసులో ఆయన బడికి ఒక్క చెడ్డ రిమార్కు కూడా పడలేదు. దానికి ఆయనకో కిటుకు ఉంది. అధికారి వచ్చి ప్రశ్న వెయ్యగానే క్లాసులో ప్రతి పిల్లా చెయ్యి ఎత్తాలి. జవాబు తెలిసినవాళ్ళు కుడి చెయ్యి, తెలియనివాళ్ళు ఎడమ చెయ్యి. అధికారికి కనిపించేది చేతుల అడవి. మేష్టారు కుడి చెయ్యి చూసి ఒకణ్ణి లేపుతారు. వాడు టకీమని చెబుతాడు. అధికారి మురిసిపోయి టీ తాగి వెళ్ళిపోతాడు. ప్రతి పెళ్ళిలోనూ మావయ్యగారు ఈ కథ చెప్పాల్సిందే, అందరూ పడీ పడీ నవ్వాల్సిందే. నేనూ నవ్వాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో నా క్లాసులో అదే చేశాను కూడా.

ఆ కిటుకే మనవరాలికి నేర్పారు.

"తెలిస్తే కుడిసెయ్యి, తెలీకపోతే ఎడంసెయ్యి. ఎడంసెయ్యి లేసిందంటే తాత సూసుకుంటాడు. సరేనా?"

ఏది ఎడమో దానికి ఎలా తెలుస్తుందని నేను అడిగాను. "కొరుక్కునేది ఎడమ" అన్నారాయన. నిజమే, ఆ చెయ్యి దానికి బాగా తెలుసు. ఆ ఆట దానికి మహా నచ్చింది.

శిబిరం రోజు పిల్లకి కొత్త గౌను. పరీక్ష చేసే సైకాలజిస్టు నా వయసు మనిషే. నెమ్మదిగా, నవ్వుతూ అడిగింది. నోట్‌బుక్కులో ఉన్న ప్రశ్నలకి మా అమ్మాయి గడగడా చెప్పేసింది. లేనివాటికి ఎడమ చెయ్యి లేచింది. లేచినప్పుడల్లా పక్క కుర్చీలోంచి మావయ్యగారు "మనం నిన్న సెప్పుకున్నాం కాదేటి?" అంటూ మొదటి అక్షరం అందించేవారు. పిల్ల ఉత్సాహంగా చెయ్యెత్తుతోందనుకుంది ఆవిడ. తర్వాత నన్ను అడగడం మొదలుపెట్టింది. అన్నం తనే తింటుందా? తింటుంది. గుండీలు తనే పెట్టుకుంటుందా?

"పెట్టుకుంటుందండీ" అన్నాను.

ఒక్క గుండీ, గుడ్డముక్క మీద, నాలుగు వారాలకి. అదంతా ఆవిడకి చెప్పాలి కదా. చెప్పలేదు. కొట్టుకి వెళ్ళి సరుకు తెస్తుందా అని అడిగితే మావయ్యగారు నాకన్నా ముందే "సిల్లరతో సహా తెస్తాది" అనేశారు.

కొన్నాళ్ళకి కాగితం వచ్చింది. ఇరవై అయిదు శాతం.

"పాతికేనమ్మా! నూటికి పాతికే! నాను సెప్పలేదేటి?" అని మావయ్యగారు అప్పటికప్పుడు కిలో మిఠాయి తెచ్చి వీధంతా పంచారు. నేనూ ఒకటి నోట్లో వేసుకున్నాను. ఆ రోజంతా తేలిపోయాను. మర్నాడు క్లాసులో శాతాల పాఠం చెబుతుంటే, బోర్డు మీద ఇరవై అయిదు, నలభై పక్కపక్కన పడ్డాయి. సుద్దముక్క చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ముప్పై తొమ్మిది ఆదివారాలు మా చేతులతో మేమే తుడిచేశాం.

సాయంత్రం ఇంటికెళ్ళి మావయ్యగారి మీద ఒంటికాలి మీద లేచాను. పెద్దాయన అని కూడా చూడకుండా అన్నీ అనేశాను. నోట్‌బుక్కు కొన్నది ఎవరు, అక్షరాలు అందించింది ఎవరు, మిఠాయిలు పంచింది ఎవరు అని. ఆయన తల వంచుకుని అంతా విన్నారు. విని, ఒక్క ప్రశ్న వేశారు.

"గుండీలు తనే ఎట్టుకుంటాదని సెప్పింది ఎవులమ్మా? నానా?"

మా ఆయన మధ్యలో వచ్చి "మళ్ళీ అర్జీ పెట్టుకోవచ్చంట కదా" అన్నాడు. పెట్టుకోవచ్చు. రెండోసారి పరీక్ష చెయ్యమని అడగొచ్చు. కానీ మూడు నెలలు ఆగాలి. ఈలోగా మేం ఆదివారాల్ని రెండు వారాలకోసారికి తగ్గించాం.

ఆ మూడు నెలల్లో ఒక సంగతి జరిగింది. ఒకరోజు బడికి బయల్దేరుతూ "నీ నీళ్ళ సీసా ఏదే?" అని అమ్మాయిని అడిగాను. అలవాటుగా మణికట్టు నోటి దాకా వెళ్ళింది. అక్కడ ఆగింది. అక్కణ్ణుంచి పైకి లేచింది. తల మీద ఎత్తి పట్టుకుని నా మొహంలోకి చూస్తోంది.

ఆటలో కాకుండా, నాకు తెలీదమ్మా అని నా కూతురు తనంతట తను నాకు చెప్పడం తొమ్మిదేళ్ళలో అదే మొదటిసారి. అంతకుముందు కొరుక్కునేది, లేకపోతే ఏడ్చేది. మేం గద్దించేవాళ్ళం, లేకపోతే జవాబు నోట్లో పెట్టేవాళ్ళం. నేను చెప్పులు విప్పేసి, దాని పక్కన కూర్చుని, ఇద్దరం కలిసి సీసా వెతికాం. కిటికీలో ఉంది. ఆ రోజు నేను బడికి ఆలస్యంగా వెళ్ళాను. నవంబరు వచ్చేసరికి పళ్ళ గుర్తులు మానిపోయి మచ్చలు మాత్రం మిగిలాయి. ఇదంతా మావయ్యగారూ చూస్తూనే ఉన్నారు.

డిసెంబరులో రెండో పరీక్ష. "వస్తే రండి మావయ్యా, గదిలో మాత్రం నోరు మెదపకూడదు" అని ఖండితంగా చెప్పాను. సరేనన్నారు. చంకలో సంచీ పెట్టుకుని వచ్చారు. పిల్లకి పాత గౌనే వేశాను. ఇరవై రోజుల చదువూ లేదు, ఏమీ లేదు.

అదే గది, అదే సైకాలజిస్టు. ఇవాళ ఏం వారం? ఎడమ చెయ్యి. నిన్న ఏం తిన్నావు? "పప్పు" అంది. పదిలోంచి మూడు తీస్తే? ఎడమ చెయ్యి. ఈ బొమ్మలో ఏం తప్పుంది? ఎడమ చెయ్యి. మావయ్యగారు రెండు చేతులూ మోకాళ్ళ మధ్య పెట్టుకుని నేల చూస్తున్నారు. కిందటిసారి కాగితాలు ఎదురుగా ఉన్నాయి. ఆవిడ అవీ ఇవీ చూసింది. నవ్వు పోయింది. పెన్ను కింద పెట్టింది.

"మేడం, మొన్నొచ్చినప్పుడు పిల్ల గడగడా సెప్పీసింది. ఇప్పుడేటి, ప్రతీదానికీ సెయ్యెత్తి ఊరుకుంటన్నాది? ఇంటి దగ్గర ఏటి నేర్పించి తెచ్చారు? ఇలాటివి నేను రోజూ సూస్తన్నాను."

ఆవిడ తప్పు లేదు. వైకల్యం లేనివాళ్ళకి ఉన్నట్టు నటించడం నేర్పించి తెచ్చేవాళ్ళు నిజంగానే ఉంటారు. మేం నేర్పించిన మాటా నిజమే, కాకపోతే తిరగేసి నేర్పించాం. నేనిప్పుడు ఎంత చెప్పినా పన్ను మిగుల్చుకోవడానికి వచ్చిన టీచరమ్మ మాటే అవుతుంది. ఆవిడ "తేడా రాలేదు" అని ఒక్క ముక్క రాసేస్తే, పాతిక శాతం పాతికగానే ఉండిపోతుంది. నేను మావయ్యగారి వైపు చూశాను. నోరు మెదపొద్దన్నది నేనే. ఇప్పుడు ఆయన మెదపకపోతే మా పని అంతే.

ఆయన లేచి నిలబడ్డారు. ఇన్‌స్పెక్టరు ముందు నిలబడినట్టే, చొక్కా సర్దుకుని.

"అమ్మా, ఎడంసెయ్యి ఎత్తితే తెలీదని" అన్నారు. "నానే నేర్పేను. మొన్న అది సెప్పినవన్నీ నాను బట్టీ పట్టించినవి. తెలీనివి పక్కనుండి నానే అందించేను. కొట్టుకెల్లి సిల్లర తెస్తాదన్నాను, అది అబద్ధం. ఎల్లనేదు, తేనేదు."

సంచీలోంచి ఆ లాంగ్ నోట్‌బుక్కు తీసి బల్ల మీద పెట్టారు. ఆయన దాన్ని తెస్తున్నారని నాకు తెలీదు. ఆవిడ పేజీలు తిప్పింది. ఎర్రసిరా ప్రశ్నలు, నీలంసిరా జవాబులు, పక్కన ఎన్నిసార్లు చెప్పించారో టిక్కులు. తన కిందటి కాగితాలతో పోల్చుకుంది. అవే మాటలు, అదే వరస.

"నాదీ ఒక అబద్ధం ఉందండీ" అన్నాను నేను. "గుండీలు." చెప్పేశాను, గుడ్డముక్క సంగతితో సహా.

ఆవిడ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ఇద్దరూ మేష్టర్లేనా?" అంది. అవునన్నాం. "అలాగే ఉన్నాది" అని కొత్త కాగితం తీసి, మమ్మల్నిద్దర్నీ బయట కూర్చోమని, అమ్మాయిని మొదటి ప్రశ్న నుంచి మళ్ళీ అడగడం మొదలుపెట్టింది. గంట పట్టింది. పిల్లని బయటికి తెచ్చి అప్పగిస్తూ, "ఆ సెయ్యెత్తడం మాత్రం మానిపించకండి" అని చెప్పి లోపలికెళ్ళిపోయింది.

ఆ గంటా మేం వరండాలో బల్ల మీద కూర్చున్నాం. మావయ్యగారు ఖాళీ సంచీ మడతపెడుతూ, నా వైపు చూడకుండా అన్నారు.

"ఇన్‌స్పెక్షన్ అయిపోయేక కూడా, ఎడంసెయ్యి ఎత్తినోల్ని ఒక్కల్ని కూడా నాను లేపలేదమ్మా. ఎవులెవులు ఎత్తేరో నాకు తెలుసు. అందుకే కదా ఆ కిటుకు పెట్టేను. తెలిసీ ఒక్కలి దగ్గరికీ ఎల్లనేదు."

నేనూ ఆ కిటుకు వాడినదాన్నే. ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. మామూలుగా మా ఇంట్లో కోడలు మావగారి చెయ్యి పట్టుకోదు.

జనవరిలో సర్టిఫికెట్ వచ్చింది. యాభై శాతం. ఈసారి మిఠాయి ఎవరూ తేలేదు. మా ఆయన ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, జాగ్రత్తగా లామినేషన్ చేయించడానికి వెళ్ళబోతే ఆపాను. ముందు జిరాక్సులు తియ్యాలి. ఫారానికి జత చెయ్యాలి.

ఆ ఆదివారం హాల్లో బల్ల మీద ఫారం పరుచుకుని కూర్చున్నాను. అంతకు ముందురోజే స్టాఫ్ రూములో పదకొండు ఫారాలు నింపి వచ్చాను, పదకొండు టీలు తాగి. మిగిలింది నాదే. మావయ్యగారు కళ్ళజోడు పెట్టుకుని వచ్చి నా భుజం మీంచి చూస్తున్నారు. పక్కన మా అమ్మాయి గౌను పై గుండీతో కుస్తీ పడుతోంది. విజయనగరం రైలుకి ఇంకా అరగంట టైముంది, ఎవరం సాయం చెయ్యడం లేదు.

పెన్ను ఎనభై డీడీ దగ్గరికి వచ్చి ఆగింది. గెంతలేదు, ఊరికే ఆగింది.

"ఇదేనా ఆ గడి?" అన్నారు మావయ్యగారు.

"ఇదే."

"ఎన్నేళ్ళు వదిలీసేవమ్మా ఇది?"

"ఆరేళ్ళు."

ఆయన కళ్ళజోడు తీసి పంచె చెరుగుతో తుడుచుకున్నారు.

"నాను ముప్పై ఆరేళ్ళు వదిలీసేను" అన్నారు.

నేను గడిలో డెబ్బై అయిదు వేలు అని అంకెల్లో రాశాను. మా అమ్మాయి గుండీ వదిలేసి మా వైపు తిరిగి ఎడమ చెయ్యి ఎత్తింది. నేను లేవబోయేలోగా మావయ్యగారే వెళ్ళి దాని ముందు నేల మీద చతికిలబడ్డారు.